బెజవాడ నుంచి విశాఖకు: మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

మా అక్క కాపురం విశాఖలో. నేను బెజవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. పదిహేనేళ్లుగా ఏడాదికి మూడు నాలుగుసార్లు అక్కడికి వెళ్లొస్తున్నాను. సెలవులు దగ్గరపడితే చాలు, మా వీధివాళ్లు, గుంటూరులో పిన్నివాళ్లు, ఆఫీసులో పక్క సీటువాళ్లు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఇక్కడ రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్లండి.

మన వైపువాళ్లు చాలామంది బీచ్‌లో ఒక సాయంత్రం, అరకులో ఒక పరుగు, అంతటితో వైజాగ్ చూసేశాం అనుకుని వచ్చేస్తారు. పాత ఊరు, భీమిలి దారి, అనకాపల్లి పల్లెలు అలాగే మిగిలిపోతాయి. నాకు ఆ ఊరంటే ప్రాణం. అందుకే మిగిలిపోయేవాటి గురించే ఎక్కువ రాశాను.

## బయలుదేరక ముందు

రెండు రోజులు సరిపోతాయా?

సముద్రం చూసి రావడానికైతే సరిపోతాయి. ఊరు, పల్లెలు, కొండలు మూడూ కావాలంటే నాలుగు రోజులు పెట్టుకోండి. ఊరికి ఒకటిన్నర, భీమిలి దారికి ఒకటి, రాత్రి బసతో కలిపి అరకుకు ఒకటిన్నర. మూడు రోజులే కుదిరితే అరకు వదిలేయమనే నేను చెబుతాను. ఈ మాటకు చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. కానీ రానూపోనూ రెండువందల ముప్పై కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. ఉన్న మూడు రోజుల్లో ఒకటి కారులోనే అయిపోతుంది.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. బెజవాడ ఎండ తట్టుకోలేక మే నెలలో విశాఖ వెళ్దామనుకుంటారు కొందరు. ఎండ మనకన్నా తక్కువే కానీ, సముద్రపు ఉక్కకు పది అడుగులు వేస్తే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కొండలు పచ్చగా, జలపాతాలు నిండుగా ఉంటాయి. వానకు సిద్ధపడి వెళ్లాలి. అక్టోబరులో తుపాను వార్తలు చూసుకోకుండా కదలొద్దు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. బీచ్ రోడ్డులో చెట్టు మిగల్లేదు.

సోమవారం వెళ్తే ఇబ్బందా?

బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామికి, జూకి సోమవారం సెలవు. పిల్లలు ముందు అడిగేవి ఆ రెండే. సోమవారాన్ని భీమిలి వైపో, సింహాచలానికో పెట్టుకోండి.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. వాళ్లకు ఏం చూపించాలి?

చాలానే ఉన్నాయి. సింహాచలం కొండ మీదికి బస్సు, కారు వెళ్తాయి. కైలాసగిరికి రోడ్డూ ఉంది, రోప్‌వే ఉంది. పాత బౌద్ధ విహారం ఉన్న తొట్లకొండ పైదాకా కూడా కారు వెళ్తుంది. పైన చదునైన నేల కాబట్టి మెల్లగా తిరగొచ్చు. సాయంత్రం బీచ్ రోడ్డులో గట్టు మీద కూర్చోబెడితే వాళ్లే లేవనంటారు. బొర్రా గుహలకు మాత్రం మెట్లు చాలా ఎక్కువ, లోపల తడిగా ఉంటాయి. జలాంతర్గామిలో ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి కాలెత్తి, నడుం వంచి దాటాలి. ఈ రెండూ వాళ్ల చేత చేయించకండి.

## ప్రయాణం

రైలు మంచిదా, కారు మంచిదా?

బెజవాడ నుంచి సుమారు 350 కిలోమీటర్లు. నా ఓటు రైలుకే. ఉదయం ఆరు దాటాక రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటారు. పగటి ప్రయాణం కాబట్టి రాజమండ్రి దగ్గర గోదావరి కళ్లారా కనిపిస్తుంది. గుంటూరువాళ్లు బెజవాడ వచ్చి మారక్కర్లేదు, సింహాద్రి అక్కడి నుంచే బయలుదేరుతుంది. సంక్రాంతి, దసరా రోజులైతే టికెట్ల బుకింగ్ తెరిచిన రోజే తీసుకోండి.

కారులో వెళ్తే జాతీయ రహదారి 16 మీదే ప్రయాణమంతా. అన్నవరంలో ఆగి సత్యదేవుడి దర్శనం చేసుకుని, ఆకులో చుట్టిచ్చే ఆ గోధుమనూక ప్రసాదం తినకుండా ముందుకు పోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

టికెట్‌లో విశాఖపట్నం బదులు దువ్వాడ అని ఉంది. అదే ఊరా?

ఊరు అదే, స్టేషన్ వేరు. విశాఖ స్టేషన్‌కు వెళ్లిన రైలు ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ ఆలస్యం లేకుండా కొన్ని దూరప్రాంత రైళ్లు దువ్వాడలో ఆగి పక్క నుంచే వెళ్లిపోతాయి. అక్కడి నుంచి ఊళ్లోకి పదిహేను కిలోమీటర్లకు పైనే. ఒకసారి నేను చూసుకోకుండా అలాంటి రైలు ఎక్కి, తెల్లవారుజామున రెండు గంటలకు ఇద్దరు పిల్లలతో, మూడు సంచులతో అక్కడ దిగాను. గాజువాకలోనో, స్టీల్‌ప్లాంట్‌లోనో బంధువులుంటే దువ్వాడే దగ్గర. లేకపోతే విశాఖపట్నం దాకా వెళ్లే రైలే చూసుకోండి.

గది ఎక్కడ తీసుకోవాలి?

మొదటిసారి వెళ్లేవాళ్లకు ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు అనుకూలం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, రైల్వే స్టేషన్ దగ్గర, హోటళ్లు అందుబాటు ధరల్లో ఉంటాయి. సముద్రం కనిపించే గది కావాలంటే బీచ్ రోడ్డు. దానికి తగ్గట్టే రేటు కూడా.

## ఊళ్లో

ఆర్కే బీచ్‌లో స్నానం చేయొచ్చా?

వద్దు. పాదాలు తడుపుకోండి, అంతవరకే. పైకి అల మామూలుగానే కనిపిస్తుంది, వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. కృష్ణలో ఈత కొట్టినవాళ్లమన్న ధీమా సముద్రం దగ్గర పనికిరాదు. నదిలో నీరు ఒకవైపే లాగుతుంది, ఇక్కడ ఎటు లాగుతుందో తెలిసేలోపే మనిషి లోపలికి వెళ్లిపోతాడు. యారాడ చూడటానికి ఎంత అందమో దిగితే అంత ప్రమాదం. నీళ్లలో ఆడుకోవాల్సిందే అనుకుంటే రుషికొండలో, గార్డులు ఉన్నచోట, వాళ్లు చూపించిన హద్దులోనే దిగండి. పిల్లల చెయ్యి వదలొద్దు.

బీచ్‌లో ఆ జలాంతర్గామి నిజమైనదేనా, బొమ్మా?

నిజమైనదే. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001లో విశ్రాంతి ఇచ్చారు, 2002 నుంచి ప్రజలకు చూపిస్తున్నారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి పెద్ద ఓడలా కనిపిస్తుంది. లోపలికి వెళ్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాలి. గోడల నిండా గొట్టాలు, చక్రాలు, మీటలు. పడుకునే బల్లలు మన రైలు బెర్తుకన్నా సన్నం. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే దగ్గరుండి వివరిస్తారు. వాళ్లను పిల్లల చేత ప్రశ్నలు అడిగించండి, ఎంతో ఓపికగా చెబుతారు. మా అబ్బాయి ‘మరి వంట ఎక్కడ?’ అని అడిగితే, ఆ చిన్న వంటగది ముందు నిలబెట్టి అన్నం ఎలా వండేవారో చెప్పారొకాయన.

రోడ్డుకు అవతల టీయూ-142 నిఘా విమానం ఉంది, 2017లో మ్యూజియంగా తెరిచారు. దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే, ఆ ఏడాది డిసెంబరు మొదటి వారంలో. ఈ మూడూ ఒకే సాయంత్రంలో చూడొచ్చు.

పాత ఊరు అంటే ఎక్కడ? చూడటానికి ఏముంది?

రైల్వే స్టేషన్ దాటి పోర్టు వైపు వెళ్తే వన్‌టౌన్. ఈ ఊరు ఎలా పుట్టిందో తెలియాలంటే ఇక్కడికే రావాలి. పోర్టు పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. మనకు ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ ఒకచోట, గుణదల కొండ మీద మేరీమాత ఇంకోచోట. ఇక్కడ ముగ్గురూ పక్కపక్కనే ఉండి ఒకే రేవును చూస్తుంటారు.

చర్చి ఉన్నది రాస్ హిల్. పొద్దున్నే ఎక్కండి. పైన గోడ దగ్గర నిలబడితే ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, కింద సన్నటి నీటి దారి. చిన్న టగ్గు పడవ ఒకటి పెద్ద ఓడను మెల్లగా లోపలికి తీసుకొస్తుంటే, ఇళ్ల మధ్యలోంచి మేడ ఒకటి కదిలొస్తున్నట్టు ఉంటుంది. 1933లో ఇక్కడ పోర్టు మొదలు కావడానికి కారణం ఆ కొండే. సముద్రపు గాలికి, అలకు అడ్డంగా ఉంటుంది. ఓడ పూర్తిగా లోపలికి వచ్చేదాకా చూడండి. అరగంట పట్టినా పర్వాలేదు.

దిగాక పూర్ణా మార్కెట్ సందుల్లో నడవండి. కారు వద్దు, పట్టదు.

చేపల హార్బరుకు మామూలువాళ్లు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, తెల్లవారగానే. పడవల్లోంచి గంపలు దిగుతుంటాయి, కుప్పల ముందే పాట పాడి అమ్ముతుంటారు. బేరం చేసే ఆడవాళ్ల గొంతు ముందు ఎవరి గొంతూ నిలవదు. మనం వంజరం అనేదాన్ని ఇక్కడ కోనాం అంటారు, గుర్తుపెట్టుకోండి. పాత చెప్పులు వేసుకెళ్లండి, దారికి అడ్డంగా నిలబడొద్దు. వాళ్లకది పని వేళ.

సింహాచలంలో స్వామి అసలు రూపం ఎప్పుడు కనిపిస్తుంది?

ఏడాదికి ఒక్కరోజే, అక్షయ తృతీయ నాడు. మిగిలిన రోజులన్నీ వరాహ నరసింహస్వామి చందనపు పూతలోనే ఉంటారు, చూడటానికి లింగాకారంలా ఉంటుంది. నిజరూప దర్శనం రోజు జనం విపరీతం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మామూలు రోజు చూసుకోవడమే మంచిది. లోపల కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు. ఆ గుడిలో 1098 నాటి కులోత్తుంగ చోళుడి శాసనం ఉంది. దర్శనం కాగానే పరుగున బయటికి రాకుండా మండపాల రాతిపని మీద ఒక పావుగంట కళ్లు పెట్టండి.

అక్కడ తెలుగు మన తెలుగులా ఉండదటగా?

తెలుగే, తీరు వేరు. మనం ‘ఏంటి’ అంటే వాళ్లు ‘ఏటి’ అంటారు. ‘చెప్పేశాను’ కాస్తా ‘సెప్పీసినాను’ అవుతుంది. రెండు రోజుల్లో చెవికి అలవాటైపోతుంది, మూడో రోజుకు ఇష్టమవుతుంది. దయచేసి వాళ్ల ముందు ఆ యాసను అనుకరించి నవ్వకండి. సినిమాల్లో చూసి మనవాళ్లు చేసే పని అది, వినేవాళ్లకు బాధ కలుగుతుంది. మా బావగారు ఇంట్లో ఆ యాసలోనే మాట్లాడతారు, బెజవాడ వస్తే మాత్రం మాట మార్చుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

నౌకాదళం, స్టీల్‌ప్లాంట్, పోర్టు ఉండటంతో దేశం నలుమూలలవాళ్లూ అక్కడ స్థిరపడ్డారు. హిందీ, ఒడియా, బెంగాలీ రోడ్డు మీద మామూలుగా వినిపిస్తాయి. దసరా రోజుల్లో బెంగాల్ నుంచి వచ్చే యాత్రికులు ఎక్కువ. బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర నిలబడితే కలకత్తాలో ఉన్నామా అనిపిస్తుంది.

తిండి సంగతేంటి?

మనకున్నంత కారం ఉండదు, ఆవకాయ పొట్లం ఒకటి పెట్టుకెళ్లండి. బీచ్‌లో మురీ మిక్స్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తు. చేపలు, రొయ్యలు తినేవాళ్లకైతే పండగే.

## చుట్టుపక్కల పల్లెలు

అమరావతి చూశాం. ఇక తొట్లకొండ ఎందుకు?

అమరావతిలో స్తూపం ఆనవాలు ఉంది, శిల్పాలు మాత్రం చెన్నైకి, లండన్‌కు తరలిపోయాయి. చూసి వచ్చాక ఏదో వెలితి. తొట్లకొండ మీద శిల్పాలు మొదటి నుంచీ తక్కువే, కానీ ఒక ఊరంత విహారం పునాదులతో సహా అక్కడే ఉంది. భిక్షువుల గదులు, స్తూపాలు, వర్షపు నీరు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు. ఆ తొట్ల వల్లే కొండకు ఆ పేరు. సుమారు రెండువేల ఏళ్ల కిందటిది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి.

ఒక గది పునాదిలోకి దిగి నిలబడండి. ముగ్గురు పడుకుంటే నిండిపోయేంత చోటు. గుమ్మం ఉన్న చోట నిలబడి చూస్తే ఎదురుగా సముద్రం. ఓడలు వచ్చిపోయే దారి కనిపించేలా ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. సాయంత్రం నాలుగింటికి వెళ్తే ఎండ తగ్గి హాయిగా ఉంటుంది.

ఎర్రమట్టి దిబ్బల్లో షూటింగులు తప్ప ఏమైనా ఉందా?

రుషికొండ దాటాక భీమిలి వైపు వెళ్లే దారిలో ఉంటాయి. వేల ఏళ్లపాటు గాలి, నీరు, సముద్రపు ఎత్తుపల్లాలు కలిసి పేర్చిన ఇసుక అది. ఇనుము కలిసి ఎర్రబడింది. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. వాన నీరు కోసిన గట్టును వేలితో తాకితే చాలు, గోధుమరవ్వలా జలజలా రాలుతుంది. అందుకే అంచులు ఎక్కొద్దు, గోడల మీద పేర్లు చెక్కొద్దు. వేల ఏళ్లు పట్టిన గోడను మన పిల్లలు ఫొటో కోసం ఒక్క పూటలో కూలగొడుతుంటే చూడలేను.

భీమిలిలో అరపూట సరిపోతుందా?

సరిపోతుంది. విశాఖ నుంచి పాతిక, ముప్పై కిలోమీటర్లు, దారంతా పక్కనే సముద్రం. డచ్చివాళ్లు వ్యాపారం చేసిన రేవు. వాళ్ల సమాధుల తోట, పాత లైట్‌హౌస్ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల్లోంచి వచ్చే నది అదే. అక్కడ ఆవేశంగా రాళ్లను తొలిచింది, ఇక్కడికొచ్చేసరికి మోకాలి లోతున ఇసుక మీద నిదానంగా జారుతూ ఉప్పునీళ్లలో కలిసిపోతుంది.

కొండపల్లి బొమ్మలు మన పక్కనే ఉన్నాయి. ఏటికొప్పాక ప్రత్యేకమా?

పూర్తిగా వేరే పని. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, ముక్కలు అతికించి రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరిగే యంత్రానికి బిగించి ఉలితో గుండ్రంగా తీస్తారు. అది తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది, ఆ పైన ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చూస్తుండగానే రెండు నిమిషాల్లో మొద్దు కాస్తా కుంకుమ భరిణె అయిపోతుంది. విత్తనాలు, వేర్లు, బెరడుల నుంచి తీసిన రంగులు వాడతారు కాబట్టి పసిపిల్లలకు కూడా ఇవ్వొచ్చు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరాహ నది ఒడ్డున చిన్న ఊరు, యలమంచిలి దగ్గర. బెజవాడ నుంచి కారులో వెళ్లేవాళ్లకు దారిలోనే వస్తుంది. బేరం గట్టిగా ఆడకండి, ఆ కష్టం కళ్లముందే కనిపిస్తుంది.

అనకాపల్లిలో బెల్లం తప్ప ఏముంది?

బెల్లం ఒక్కటే చాలు వెళ్లడానికి, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. ఊరి పక్కనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. రాతిని తొలిచిన గుహలు, బుద్ధ విగ్రహాలు. ఎదుటి లింగాలకొండ మీద రాతిలోనే మలిచిన స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. మన ఉండవల్లి గుహలు ఇష్టపడినవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. ఎప్పుడెళ్లినా జనం పెద్దగా ఉండరు. నీడ తక్కువ, నీళ్లు తీసుకెళ్లండి.

## అరకు, కొండలు

ఒక్క రోజులో బొర్రా, అరకు చూసి రావచ్చా?

చూసి వచ్చేవాళ్లు ఉన్నారు. మేమూ ఒకసారి అలాగే వెళ్లాం. కారు మాట్లాడుకున్నాం, డ్రైవరుకు తొందర. ఘాట్ రోడ్డు మలుపుల్లో అమ్మకు వాంతులు మొదలయ్యాయి. కోలుకోవడానికి ఆగుతూ ఆగుతూ బొర్రా చేరేసరికి గేటు వేసేశారు. అమ్మ ‘నా వల్లే కదా’ అని దారంతా బాధపడింది. ఆమె తప్పేముంది, ఆ తొందర పెట్టింది మేమే. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఒక రాత్రి అరకులో పడుకుంటున్నాం. తెల్లవారుజామున లోయలో పొగమంచు చూడాలన్నా ఆ రాత్రి ఉండాల్సిందే.

వెళ్లేటప్పుడు రైలా, కారా?

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. కిరండూల్ రైలు విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది, నాలుగు గంటల ప్రయాణం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని రేవుకు తేవడానికి 1960ల్లో వేసిన లైను ఇది. లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర తప్పుతారు. అద్దాల విస్టాడోమ్ పెట్టెకు టికెట్లు త్వరగా అయిపోతాయి. దొరక్కపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా ఆ లోయలే కనిపిస్తాయి. తిరుగు దారిలో అనంతగిరి కాఫీ తోటల దగ్గర దిగి, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు చూడండి.

గిరిజన గ్రామాల్లో ఫొటోలు తీసుకోవచ్చా?

అడిగి తీసుకోండి. వద్దంటే మానేయండి. ఇంటి ముందు కూర్చున్న ముసలమ్మ చూడటానికి పెట్టిన వస్తువు కాదు. పిల్లలకు చాక్లెట్లు పంచి గుంపు చేయొద్దు. దాని బదులు సంతలో వాళ్లు అమ్మే పసుపు, రాజ్మా, చింతపండు కొనండి. థింసా నృత్యం చూస్తే కళాకారులకు నేరుగా డబ్బు ఇవ్వండి.

బొంగులో చికెన్ నిజంగా నూనె లేకుండా చేస్తారా?

అవును. మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతారు. వెదురులోని తేమతోనే ఉడుకుతుంది. కళ్లముందు కాల్చేచోటే తీసుకోండి.

లంబసింగికి విశాఖ మీదుగానే వెళ్లాలా?

అక్కర్లేదు. బెజవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు తునిలోనో, నర్సీపట్నం రోడ్డు స్టేషన్‌లోనో దిగి నర్సీపట్నం మీదుగా వెళ్తే దగ్గర. డిసెంబరు, జనవరుల్లో మాత్రమే ఆ చలి. మన బెజవాడ స్వెట్టర్లు ఆనవు. మేఘాలు కాళ్ల కింద పరుచుకునే వంజంగి కొండ పాడేరు దగ్గర, అక్కడికి చీకటితోనే ఎక్కాలి.

## తిరుగు ప్రయాణంలో

ఇంటికి ఏం తెచ్చుకోవాలి?

అరకు కాఫీ పొడి, మిరియాలు. గోధుమ పాలతో చేసే మాడుగుల హల్వా, వారం పైనే నిలవ ఉంటుంది. అనకాపల్లి బెల్లం ముదురు రంగుది అడగండి, మరీ పసుపుగా మెరిసేది వద్దు. లక్క బొమ్మలను ఎండ తగిలే కారు అద్దం దగ్గర పెట్టకండి, వేడికి లక్క మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నేనైతే చీరల మధ్య చుట్టి తెస్తాను.